కంప్యూటర్ నుంచి ఫోన్ నడపాలా? ముందు ఆ ఫోన్ ఎక్కడుందో చెప్పండి

మా ఇంట్లో ఫోన్ల డాక్టర్ని నేనే. జీతం లేదు, సెలవూ లేదు. అమ్మానాన్నలు తెనాలిలో, అక్క డాలస్‌లో, నేను హైదరాబాద్‌లో. దానికి తోడు నా ఉద్యోగం రోజంతా ల్యాప్‌టాప్ ముందే. ఫోన్ టింగుమన్నప్పుడల్లా చేతిలోకి తీసుకుంటే అరగంట దాంతోనే పోతుంది. అందుకని ఫోన్‌ను కంప్యూటర్ తెర మీదికి తెచ్చుకుని మౌస్‌తో నడిపే దారులన్నీ కొన్నేళ్లుగా ఒక్కొక్కటే వాడి చూస్తున్నాను. "దీనికి ఏ యాప్ మంచిది?" అని చుట్టాలు, ఆఫీసువాళ్లు అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే. ఆ ఫోన్ ఇప్పుడు ఎక్కడుంది? మీ బల్ల మీదా, ఇంకొకరి చేతిలోనా, తాళం వేసిన ఇంట్లోనా?

ఎందుకంటే ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనిచెయ్యదు. బల్ల మీది ఫోన్‌కి అద్భుతంగా నడిచే ప్రోగ్రాం అమ్మ చేతిలో ఉన్న ఫోన్‌కి దండగ. దూరపు ఫోన్ల కోసం చేసిన యాప్‌ను పక్కనే ఉన్న ఫోన్లో పెట్టుకుంటే, మూరెడు దూరానికి పరాయి సర్వర్‌ను నమ్ముకున్నట్టు.

అసలు నడపాల్సిన పనేనా?

అడిగినవాళ్లలో సగం మందికి ఫోన్ నడపాల్సిన అవసరమే ఉండదు. వాట్సాప్‌లో పెద్ద మెసేజీలు కొట్టడానికి వేళ్లు నొప్పి పుడుతున్నాయి, అంతే వాళ్ల బాధ. దానికి వాట్సాప్ వెబ్ 2015 నుంచీ ఉంది. ఓటీపీలు, ఎస్ఎంఎస్‌లు కంప్యూటర్‌లో కనిపిస్తే చాలనుకుంటే గూగుల్ మెసేజెస్ యాప్‌కి కూడా అలాంటి వెబ్ పేజీ ఉంది; క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. ఫోటోలు అటూ ఇటూ పంపుకోవడం, ఫోన్లో కాపీ చేసింది కంప్యూటర్‌లో పేస్ట్ చేయడం, నోటిఫికేషన్లు చూడటం మాత్రమే కావాలంటే కేడీఈ కనెక్ట్ అనే యాప్ ఉంది. ఉచితం, ప్రకటనల గోల లేదు, ఇంటి వైఫై మీదే నడుస్తుంది.

ఇక్కడే ఇంకో పొరపాటు చెప్పాలి. "రిమోట్" అన్న మాట పట్టుకుని వెతికితే ముందు తగిలేది క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్. అది దించుకుని, ఫోన్లో పెట్టి, గంటసేపు కుస్తీ పట్టినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. అది నడిచేది ఉల్టా దిశలో: ఫోన్ నుంచి కంప్యూటర్‌ని నడపడానికి. కంప్యూటర్ నుంచి ఫోన్‌ని నడపలేదు. దాని పేరు మాత్రం గుర్తుంచుకోండి, చివర్లో దానితో పని పడుతుంది.

ఫోన్ మీ బల్ల మీదే ఉంటే

ఆండ్రాయిడ్ ఫోన్, చేతికందే దూరం, మీ సొంత కంప్యూటర్. ఈ మూడూ కలిస్తే నా ఓటు ఎస్‌సీఆర్‌సీపీవైకి. పలకాల్సింది మాత్రం "స్క్రీన్ కాపీ" అనే అని చేసినవాళ్లే చెప్పారు కాబట్టి నేనూ ఇకముందు అలాగే రాస్తాను. జెనీమొబైల్ అనే ఫ్రెంచ్ కంపెనీ 2018లో బయటపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఇది. విండోస్, మాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. ఖాతా తెరవక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫోన్లో ఏ యాప్ పెట్టక్కర్లేదు. ఆండ్రాయిడ్ 5 నుంచి ఏ ఫోన్ అయినా సరే. అల్మారాలో మూలన పడున్న పాత ఫోన్ కూడా.

దీని గొప్పంతా వేగంలో ఉంది. మౌస్ కదపడానికీ తెర కదలడానికీ మధ్య ఆలస్యం 35 నుంచి 70 మిల్లీసెకన్లని వాళ్ల లెక్క. వాడేటప్పుడు ఆ తేడా తెలియనే తెలియదు. 2023లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి ఆండ్రాయిడ్ 11, ఆపై ఫోన్లలో శబ్దం కూడా కంప్యూటర్‌లోకి వస్తుంది. 2024 నవంబర్‌లో వచ్చిన 3.0 నుంచి ఇంకో సౌకర్యం: ఫోన్ తెర మీద ఉన్నదాన్ని కదపకుండా, ఒక యాప్‌ను విడిగా వేరే కిటికీలో తెరవొచ్చు.

మొదటిసారి పెట్టుకునేటప్పుడు కాస్త ఓపిక కావాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్"లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు టకటకా కొట్టాలి. మీరిప్పుడు డెవలపర్ అయ్యారని ఫోనే ప్రకటిస్తుంది. ఇంత సులువుగా ఆ పదవి ఇంకెక్కడా రాదు. అప్పుడు డెవలపర్ ఆప్షన్స్ అనే కొత్త పేజీ కనిపిస్తుంది. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ పెట్టగానే "ఈ కంప్యూటర్‌ని నమ్మమంటారా" అన్న అర్థంలో ఒక పెట్టె వస్తుంది. ఒప్పుకోవాలి. ఆ తర్వాత కంప్యూటర్‌లో ప్రోగ్రాం తెరిస్తే సెకనులో ఫోన్ ప్రత్యక్షం.

ప్రత్యక్షం కాకపోతే ముందు కేబుల్ని అనుమానించండి. నేను ఒక సాయంత్రమంతా డ్రైవర్లు తీసి, పెట్టి, మళ్లీ తీసి, చివరికి తేల్చుకున్నదేంటంటే, ఆ కేబుల్ పవర్ బ్యాంక్‌తో వచ్చినది. లోపల డేటా తీగలే లేవు, ఛార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరాదు. రెండో అడ్డంకి షావోమీ కుటుంబపు ఫోన్లలో: తెర కనిపిస్తుంది, మౌస్ మాత్రం ఎంత నొక్కినా ఉలకదు పలకదు. అదే పేజీలో కిందికి వెళ్తే "యూఎస్‌బీ డీబగ్గింగ్ (సెక్యూరిటీ సెట్టింగ్స్)" అని రెండో మీట ఉంటుంది. అదీ ఆన్ చేసి, ఫోన్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చెయ్యాలి.

అలవాటు పడ్డాక చేతికొచ్చే కిటుకులు కొన్ని. మౌస్ కుడి బటన్ అంటే "బ్యాక్". మధ్య చక్రం నొక్కితే "హోమ్". ఎడమ ఆల్ట్ పట్టుకుని ఓ నొక్కితే ఫోన్ తెర ఆరిపోతుంది కానీ కంప్యూటర్‌లో బొమ్మ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆఫీసులో పక్కవాడి చూపు నుంచి తప్పించుకోవడానికి, బ్యాటరీకీ మంచిది. కంప్యూటర్‌లోని ఫైల్‌ను లాగి ఆ కిటికీలో పడేస్తే ఫోన్లో డౌన్‌లోడ్ ఫోల్డర్‌కి చేరుతుంది. ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) పడేస్తే ఇన్‌స్టాల్ అవుతుంది.

తెలుగులో టైప్ చేసేవాళ్లకి ఒక మాట. కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని ఆ కిటికీలో నేరుగా కొడితే మామూలు అమరికలో అక్షరాలు వెళ్లవు. ఇంగ్లీషు వరకే దాని ప్రతాపం. నేను చేసేది ఇది: నోట్‌ప్యాడ్‌లో రాసుకుని, కాపీ చేసి, స్క్రీన్ కాపీ కిటికీలో కంట్రోల్-వి కొడతాను. ఒత్తులు, గుడింతాలు చెక్కుచెదరకుండా దిగుతాయి.

ఇక బ్యాంకు యాప్‌లు. అవి తెరిస్తే కంప్యూటర్‌లో నల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. అది లోపం కాదు. తన తెరను ఎవరూ కాపీ చెయ్యకూడదని ఆ యాప్ ఆండ్రాయిడ్‌కి చెప్పుకుంది. సినిమా యాప్‌లదీ చాలావరకు ఇదే వరస. కొన్ని బ్యాంకు యాప్‌లు ఇంకో అడుగు ముందుకేసి, డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే అసలు తెరుచుకోనే తెరుచుకోవు. రోజూ డబ్బు పంపే ఫోన్ అయితే పనైపోగానే ఆ మీట ఆపేయడం మేలు. ఇంకో జాగ్రత్త: రిపేరు షాపులో ఎప్పుడో ఒప్పుకున్న కంప్యూటర్‌కి ఆ ఒప్పుదల అలాగే ఉండిపోయి ఉండొచ్చు. అదే పేజీలో పాత అనుమతులన్నీ రద్దు చేసే "రివోక్" మీట ఉంది, ఒకసారి నొక్కేయండి.

స్క్రీన్ కాపీని దించుకునేటప్పుడు కూడా, ప్రోగ్రాములు పంచుకునే గిట్‌హబ్ సైట్‌లోని జెనీమొబైల్ పేజీ నుంచే. ఇదే పేరు పెట్టుకుని వేరే సైట్లు చాలా ఉన్నాయి; అవి తమవి కావని అసలువాళ్లే రాసి పెట్టారు.

కేబుల్ వద్దు, కమాండ్లు కొట్టే నల్ల కిటికీలు వద్దు అనేవాళ్లకి

ఆండ్రాయిడ్ 11 నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్ వచ్చింది. ఫోన్, కంప్యూటర్ ఒకే వైఫైలో ఉంటే ఆరంకెల కోడ్‌తో జత చేసి, కేబుల్ లేకుండా స్క్రీన్ కాపీ నడపొచ్చు. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఆ మీట దానంతటదే ఆఫ్ అవుతుంది, అది మంచిదే. అపార్ట్‌మెంట్లలో ఇరవై రూటర్లు ఒకదాని మీద ఒకటి అరుస్తుంటాయి కాబట్టి బొమ్మ ఆగి ఆగి వస్తుంది. బొమ్మ సైజు తగ్గించుకుంటే సర్దుకుంటుంది. నాకైతే కేబులే హాయి, ఛార్జింగ్ కూడా అవుతుంది.

విండోస్ వాళ్లు ముందు చూడాల్సింది ఫోన్ లింక్. పాతరోజుల్లో "యువర్ ఫోన్" అనేవారు, 2022లో పేరు మారింది. విండోస్ 10, 11లలో ఉంటుంది. ఫోన్లో "లింక్ టు విండోస్" పెట్టి క్యూఆర్ స్కాన్ చేస్తే మెసేజీలు, నోటిఫికేషన్లు, ఫోటోలు కంప్యూటర్‌లో కనిపిస్తాయి. బ్లూటూత్ మీద కాల్స్ కూడా మాట్లాడొచ్చు. తిరకాసు ఎక్కడంటే, ఫోన్ తెర మొత్తం తెచ్చుకుని నడపడం అన్ని ఫోన్లకీ ఇవ్వలేదు. శాంసంగ్‌లో చాలా మోడళ్లకి, ఇంకొన్ని కంపెనీల ఎంపిక చేసిన మోడళ్లకి మాత్రమే. మీ ఫోన్‌కి ఉందో లేదో తేల్చుకోవడానికి జాబితాలు వెతకక్కర్లేదు. జత చేశాక పైన "యాప్స్" అనే ట్యాబ్ కనిపిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. శాంసంగ్ ఉన్నవాళ్లకి, డెవలపర్ ఆప్షన్స్ అంటే భయపడేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఐఫోన్‌ను కూడా 2023 నుంచి కలుపుకుంటోంది కానీ కాల్స్, మెసేజీలు, నోటిఫికేషన్ల వంటి వాటికే, తెర నడపడానికి కాదు.

వైజర్ అని ఇంకోటి ఉంది. అదీ యూఎస్‌బీ డీబగ్గింగ్ దారిలోనే నడుస్తుంది, బొత్తాలతో ముచ్చటగా ఉంటుంది, కానీ ఉచితంగా ఇచ్చే బొమ్మ మసక. మంచి బొమ్మ కావాలంటే డబ్బు కట్టాలి. స్క్రీన్ కాపీ ఇంత బాగా ఎదిగాక దానికి డబ్బు కట్టే కారణం నాకు కనిపించలేదు.

ఐఫోన్ సంగతి

ఐఫోన్ ఉండి విండోస్ కంప్యూటర్ ఉన్నవాళ్లు ఆశ వదులుకోవడం మంచిది. ఒక యాప్ ఇంకో యాప్ తెర మీద వేలు పెట్టడాన్ని ఆపిల్ ఒప్పుకోదు. అందుకే దూరపు ఫోన్ల కోసం చేసిన టీమ్‌వ్యూయర్ అయినా, ఎనీడెస్క్ అయినా ఐఫోన్ తెరను చూపిస్తాయి తప్ప నడపనివ్వవు. "ఫుల్ కంట్రోల్" అని డబ్బులు అడిగే సైట్లు కనిపిస్తే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

మాక్ ఉంటే కథ వేరు. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన మాక్‌ఓఎస్ సెకోయా, ఐఓఎస్ 18 రెండూ ఉంటే "ఐఫోన్ మిర్రరింగ్" దానితోపాటే వస్తుంది. మాక్‌లో ఆపిల్ సొంత చిప్ గానీ, టీ2 చిప్ ఉన్న ఇంటెల్ గానీ ఉండాలి. రెండింట్లో ఒకే ఆపిల్ ఖాతా ఉండాలి, ఫోన్ దగ్గర్లో ఉండి లాక్ అయి ఉండాలి. ఫోన్ చేతిలోకి తీసుకుని అన్‌లాక్ చేశారంటే మాక్‌లో బొమ్మ ఆగిపోతుంది. కెమెరా, మైక్ పనిచెయ్యవు. మొదట విడుదల చేసినప్పుడు యూరోపియన్ యూనియన్ దేశాలకి ఇవ్వలేదు కాబట్టి, జర్మనీలో ఉన్న మన పిల్లలు "నా మాక్‌లో కనిపించట్లేదేంటి" అని తల బాదుకుంటే తప్పు వాళ్లది కాదు.

ఎవరి చేతిలోనో ఉన్న ఐఫోన్‌ని నడపాలంటే ఇంకో దారి ఉంది, కంప్యూటర్‌తో పని లేకుండా. ఇద్దరివీ ఐఓఎస్ 18 ఐఫోన్లయితే ఫేస్‌టైమ్ కాల్‌లో తెర పంచుకున్నప్పుడు, అవతలివాళ్లు ఒప్పుకుంటే, మీ ఫోన్ మీంచే వాళ్ల ఫోన్ నడపొచ్చు. అమ్మానాన్నలకి ఐఫోన్ కొనిచ్చినవాళ్లకి ఇదొక్కటే చాలు.

తెర పగిలినప్పుడు

నాన్న ఫోన్ పొలంలో మోటారు గది గట్టు మీంచి జారి పడింది. తెర కనిపిస్తోంది, టచ్ చచ్చిపోయింది. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఎప్పుడూ ఆన్ చెయ్యలేదు. ఇప్పుడు ఆన్ చెయ్యాలంటే టచ్ కావాలి, టచ్ రావాలంటే తెర మార్చాలి. షాపువాడు తెరకి చెప్పిన ధర ఫోన్ ధరలో సగం.

ఇలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ల కోసం వెతక్కండి. వంద రూపాయల చిల్లర సామాను చాలు: ఓటీజీ అడాప్టర్. దాన్ని ఫోన్‌కి పెట్టి, దానికి మామూలు కంప్యూటర్ మౌస్ తగిలిస్తే ఫోన్ తెర మీద బాణం గుర్తు ప్రత్యక్షమవుతుంది. నాన్న మౌస్‌తో ఫోన్ నడుపుతూ ఫోటోలన్నీ మెమరీ కార్డులోకి ఎక్కించుకున్నాడు. అడాప్టర్ దొరక్కపోతే స్క్రీన్ కాపీలోనే ఓటీజీ మోడ్ ఉంది. కేబుల్ పెడితే మీ కంప్యూటర్ మౌస్, కీబోర్డు ఫోన్‌కి తగిలించినట్టే పనిచేస్తాయి, డీబగ్గింగ్ అక్కర్లేదు. బొమ్మ కంప్యూటర్‌లోకి రాదు, ఫోన్ తెరే చూసుకోవాలి.

తెర మొత్తం నల్లగా పోతే మాత్రం, ఇంతకుముందే డీబగ్గింగ్ ఆన్ చేసి మీ కంప్యూటర్‌ని ఒప్పుకుని ఉంటేనే స్క్రీన్ కాపీ గట్టెక్కిస్తుంది. నా సొంత ఫోన్లో, బ్యాంకు యాప్ అలిగినా సరే, డీబగ్గింగ్ ఆన్‌లోనే ఉంచుకుంటున్నది అందుకే. బ్యాంకు పని వేరే ఫోన్లో చేసుకుంటాను.

ఫోన్ అమ్మ చేతిలో ఉంటే

దూరం నుంచి ఫోన్ నడపడం అనగానే అందరూ టీమ్‌వ్యూయర్ దగ్గరికే పరిగెడతారు. నేను ముందు వాట్సాప్ వీడియో కాల్ చేస్తాను. 2023 ఆగస్టు నుంచి వాట్సాప్ వీడియో కాల్‌లోనే తెర పంచుకునే బొత్తాం ఉంది. అమ్మ అది నొక్కితే తన ఫోన్ నాకు కనిపిస్తుంది. నేను నడపలేను, చెప్తాను: "పైన కుడిచేతి పక్కన మూడు చుక్కలున్నాయి చూడు, అవి." అమ్మే నొక్కుతుంది. కరెంటు బిల్లు కట్టడం, ఫోటోలు తీసేసి చోటు చెయ్యడం, అక్షరాలు పెద్దవి చెయ్యడం, ఇవన్నీ ఇలాగే అయిపోతాయి. రెండోసారి ఫోన్ చెయ్యకుండా తనే చేసుకుంటుంది కూడా. నేను నడిపేస్తే ఆ రెండోది జరగదు. కొత్త యాప్ లేదు, కొత్త అనుమతి లేదు. తెర కనబడుతున్నంతసేపూ తను పిన్ కొట్టకూడదు, అదొక్కటే నియమం.

చెప్తే కుదరని పనులు కొన్ని ఉంటాయి. భాష మారిపోయి ఫోనంతా ఏదో లిపిలోకి వెళ్లిపోయిందనుకోండి. అప్పుడు టీమ్‌వ్యూయర్ క్విక్‌సపోర్ట్ గానీ, ఎనీడెస్క్ గానీ, రస్ట్‌డెస్క్ గానీ. మొదటిసారి ఎలా ఉంటుందో వినండి.

"అమ్మా, ఒక నంబరు కనిపిస్తోంది కదా, చదువు."

"ఆగరా, కళ్లజోడు ఎక్కడ పెట్టానో... ఆఁ. నాలుగు వందల పదహారు..."

"ఒక్కొక్కటే చదువు."

"నాలుగు. ఒకటి. ఆరు. ఇదేంట్రా, మధ్యలో ఏదో పెట్టె వచ్చింది. స్టార్ట్ నౌ అంట. నొక్కొచ్చా?"

"నొక్కు."

"నొక్కితే నా డబ్బులేం పోవుగా?"

మా అమ్మ అడిగిన ఆ ప్రశ్నకి సరైన జవాబు, "ఎదుట ఉన్నది నేను కాబట్టి పోవు" అని. ఎందుకో చెప్తాను. ఆండ్రాయిడ్‌లో ఇంకొకరు మీ తెర చూడాలంటే ఒక అనుమతి, దాన్ని నొక్కాలంటే ఇంకో అనుమతి. ఆ రెండోది సాధారణంగా సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో ఇవ్వాలి. చూపు సరిగా లేనివాళ్లకి, చేతులు సహకరించనివాళ్లకి సాయపడటానికి పెట్టిన ఏర్పాటది. తెర మీద ఏముందో చదవగలదు, మీ బదులు నొక్కగలదు. సాయం చేసే కొడుకుకి ఎంత బలం ఇస్తుందో, కేవైసీ పేరు చెప్పి ఫోన్ చేసే దొంగకీ అంతే బలం ఇస్తుంది. యూపీఐ ఖాతాలు ఇలా ఖాళీ చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంక్ ఎనీడెస్క్ పేరెత్తి బ్యాంకుల్ని హెచ్చరించింది. ఆ యాప్ చెడ్డదని కాదు, కత్తి ఎవరి చేతిలో ఉందన్నదే గొడవ. ఆండ్రాయిడ్ 13 నుంచి, ప్లే స్టోర్ బయట దించుకున్న యాప్‌కి ఈ యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వబోతే ఫోన్ మొదట ఒప్పుకోదు. విడిగా ఇంకో చోట "రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్" తెరవాలి. గిట్‌హబ్ నుంచి రస్ట్‌డెస్క్ దించుకునేవాళ్లకి ఇది అడ్డం తగులుతుంది. ఫోన్లో ఉండి పెద్దవాళ్లతో ఆ తాళం తీయించడం నాకు ఇష్టం లేదు, అందుకే రస్ట్‌డెస్క్ ఎంత బాగున్నా అమ్మ ఫోన్‌కి వాడను. సొంత సర్వర్ పెట్టుకోగల ఓపిక ఉన్నవాళ్లు తమ ఫోన్ల మధ్య వాడుకోవడానికి అది చక్కటిది.

మిగతా రెండింట్లో నా వాడకం క్విక్‌సపోర్ట్. పేరుకి తగ్గట్టు అది సాయం అందుకోవడానికి మాత్రమే చేసిన చిన్న యాప్. తెరిచినప్పుడే నంబరు చూపిస్తుంది. శాంసంగ్ ఫోన్లలో పని తేలిగ్గా అవుతుంది. వేరే చాలా ఫోన్లలో ఒక యాడ్-ఆన్ కూడా పెట్టి, యాక్సెసిబిలిటీలో ఆన్ చెయ్యాలి. ఎనీడెస్క్‌కి కూడా అలాంటి ప్లగిన్ ఉంది. వేగంలో రెండింటికీ పెద్ద తేడా చూడలేదు, ఊళ్లో సిగ్నల్‌ని బట్టే ఉంటుంది. సొంత వాడకానికి ఉచితమే అంటారు కానీ, ఈ రకం యాప్ ఒకటి నన్ను వ్యాపారం చేస్తున్నావని తీర్మానించి అయిదు నిమిషాలకోసారి కాల్ కోసేసింది. అమ్మకి సాయం చెయ్యడం వ్యాపారం ఎలా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఏది వాడినా నా పద్ధతి ఒకటే. పండక్కి ఇంటికెళ్లినప్పుడు పక్కన కూర్చుని ఒకసారి మొత్తం నడిపి చూస్తాను, ఏ ఫోన్లో ఏ మీట ఎక్కడుందో రాసి పెట్టుకుంటాను. దూరం నుంచి పని అయ్యాక యాక్సెసిబిలిటీ ఆఫ్ చేయించి, యాప్ తీసేయిస్తాను. తర్వాత పనికొస్తుందని ఉంచెయ్యను. ఎవరూ ఒప్పుకోకుండానే పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లే ఏర్పాటు యూపీఐ ఉన్న ఫోన్లో అస్సలు పెట్టను, అది నా సొంత అమ్మ ఫోన్ అయినా. ఇంకో ఒప్పందం కూడా ఉంది: ఈ పని ఎప్పుడు చేసినా అమ్మే నాకు ఫోన్ చెయ్యాలి. "బ్యాంకు నుంచి", "కరెంటు ఆఫీసు నుంచి" అంటూ ఎవరు కాల్ చేసి యాప్ పెట్టుకోమన్నా వెంటనే కాల్ కట్ చెయ్యడమే. ఒకవేళ డబ్బు పోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, తర్వాతే నాకు. ఆ నంబర్ ఫ్రిజ్ మీద రాసి అతికించాను.

తాళం వేసిన ఇంట్లో ఫోన్ ఉంటే

ఇది ఎక్కువగా అమెరికా వాళ్ల బాధ. అక్క ఇండియా సిమ్ ఉన్న ఫోన్ తెనాలిలో వదిలి వెళ్లింది. ఓటీపీ కావాలంటే మనకి రాత్రి పన్నెండప్పుడు ఫోన్ చేసి అమ్మని లేపేది. "ఆ ఫోన్‌ని డాలస్ నుంచి నడిపే ఏర్పాటు చెయ్యి" అని నా ప్రాణం తీసింది.

నేను చేసింది అదికాదు. ఆ ఫోన్లో గూగుల్ మెసేజెస్ పెట్టి, వీడియో కాల్‌లో అక్క ల్యాప్‌టాప్ క్యూఆర్ కోడ్‌ను ఆ ఫోన్‌తో స్కాన్ చేశాను. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే చాలు, వచ్చిన ఎస్ఎంఎస్ డాలస్‌లో కనిపిస్తుంది. ఆమెకి కావాల్సింది ఓటీపీ, ఫోన్ కాదు.

నిజంగానే నడపాల్సినప్పుడు, అంటే సిమ్ ఉన్న ఫోన్లోనే తెరుచుకునే యాప్ ఏదైనా ఉన్నప్పుడు, ఎవరూ లేని ఫోన్‌తో రిమోట్ యాప్‌లు మొండికేస్తాయి. కరెంటు పోయి ఫోన్ ఆగి లేచిందంటే, తెర పంచుకోవడానికి మళ్లీ ఎవరో ఒకరు "స్టార్ట్ నౌ" నొక్కాలి. బ్యాటరీ పొదుపు పేరుతో ఫోనే ఆ యాప్‌ను చంపేస్తుంది. దీనికి నాకు కుదిరిన ఏర్పాటు పాత ల్యాప్‌టాప్. ఫోన్‌ని కేబుల్‌తో దానికి తగిలించి, అందులో స్క్రీన్ కాపీ పెట్టి, ఆ ల్యాప్‌టాప్‌లోకి మొదట్లో చెప్పిన క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్లడం. ఫోన్ ఆగి లేచినా లాక్ పిన్ కూడా అక్కడి నుంచే కొట్టొచ్చు. ఫోన్‌ని మాత్రం నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి. వైఫై డీబగ్గింగ్ పాత పద్ధతిలో 5555 అనే పోర్ట్ (కనెక్షన్ వచ్చే తలుపు లాంటిది) వాడుతుంది. దాన్ని రూటర్‌లో బయటికి తెరవమని సలహా ఇచ్చే వీడియోలు ఉన్నాయి. సరిగ్గా అలా తెరిచి ఉన్న ఆండ్రాయిడ్ పరికరాల్ని వెతుక్కుంటూ 2018లో ఒక వార్మ్ (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) పాకింది, దొరికినవాటితో క్రిప్టో కరెన్సీ తవ్వించింది.

ఏడాది పొడుగునా ఛార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ ఉబ్బొచ్చు. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటే ఆన్ చెయ్యండి, లేకపోతే ప్లగ్‌కి ఒక టైమర్ తగిలించండి. అక్క ఫోన్ ఇప్పుడు తెనాలిలో టీవీ పక్కన, టైమర్ ప్లగ్‌కి వేలాడుతూ ఉంది. పైన అమ్మ ఒక కాగితం అతికించింది: "దీన్ని ఎవరూ తియ్యకండి, పెద్దదానిది."